ఉండు, అర సెకను

ఆవిడ మొదటిసారి స్టూడియోలోకి వచ్చినప్పుడు నేను కళ్ళు తెరుచుకునే నిద్రపోతున్నాను. పదకొండేళ్ళుగా ఐడీ కార్డు ఫోటోలు తీసేవాడికి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు, దానంతట అదే వస్తుంది.

"కూర్చోండి. గడ్డం కొంచెం కిందికి. నవ్వొద్దు," అన్నాను లేవకుండానే.

"నేను ఫోటో దిగడానికి రాలేదండి. నవ్వే ఓపిక కూడా లేదు."

అప్పుడు తలెత్తి చూశాను. భుజం లాగేస్తున్న పుస్తకాల సంచి, వేళ్ళకి సుద్దపొడి, కళ్ళ కింద నల్లటి చారలు. అలాంటివే నా కళ్ళ కింద కూడా ఉన్నాయి. మొదటి చూపులోనే గుండె ఝల్లుమందని రాసుకోవాలని నాకూ సరదాగానే ఉంది కానీ, అబద్ధం ఎందుకు, నాకప్పుడు తట్టింది ఒక్కటే: పాపం, ఈవిడకి కుర్చీ కావాలి. ఇచ్చాను. కూర్చుని సంచి నేల మీదికి దించింది.

వీధి చివర వినికిడి లేని పిల్లల బడి ఉంది. అందులో టీచరట. పిల్లలు చేతులతో మాట్లాడే మాటల్లో వంద ఏరి, ఒక్కో సంజ్ఞకి ఒక్కో ఫోటో చొప్పున చిన్న పుస్తకం వేస్తున్నారు. మూడున్నర వారాల్లో ప్రెస్సుకి ఇవ్వాలి.

"ఆ తర్వాత ఇస్తే?" అని అడిగాను. పని తప్పించుకునే దారి ఎక్కడైనా ఉందేమోనని ముందే చూసుకోవడం నా అలవాటు.

"సెలవులు మొదలైపోతాయి. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మా పిల్లలు తెగ కబుర్లు చెప్పుకుంటారండి. ఇంటికెళ్తే రెండు నెలలు చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఇంట్లో ఎవరికీ వాళ్ళ మాట రాదు. వెళ్ళేటప్పుడు ఒక్కో పిల్లాడి చేతిలో ఆ పుస్తకం ఉండాలి, వాళ్ళమ్మా నాన్నా చూసి నేర్చుకోవాలి." ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కుంది. "మా నాన్న పన్నెండేళ్ళు వచ్చేదాకా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయనకి రాక కాదు. వాళ్ళకి రాక."

స్టూడియో మా బాబాయ్‌ది. కౌంటరు వెనక నుంచి ఆయనే జవాబు చెప్పాడు.

"వీడు తీస్తాడమ్మా. ఖాళీగా ఉంటే ఎలాగూ కునుకే తీస్తాడు."

*

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నాలుగున్నరకి, బడి వదిలాక, వాళ్ళింట్లో పని. మేడ మీద ముందు గది. ఒక పక్క గోడంత కిటికీ, ఆ వెలుతుర్లో వాళ్ళ నాన్నగారి కుట్టు మిషను. ఆయన టైలర్. వినపడదు, మాట్లాడరు, పని మధ్యలో తలెత్తరు. గదిలో మిగిలిన చోటంతా గుడ్డముక్కలు.

మొదటి ఫోటో తీశాను. టీచర్ ముఖం బ్రహ్మాండంగా వచ్చింది. చేతులున్నచోట ఏదో పొగ కనిపించింది.

"ఇదేంటండీ, నా చేతులేవి?"

"మీరు కదిపారు."

"కదపకపోతే మాట ఎలా అవుతుందండీ?"

కెమెరా వైపు చూసుకున్నాను. షట్టర్ చక్రం నూట ఇరవై ఐదు మీద ఉంది. పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. కుర్చీలో కూర్చుని గోడవైపు చూసేవాళ్ళకి అంతకన్నా అవసరం ఏముంటుంది. చక్రం తిప్పుతుంటే దుమ్ము రాలింది, ఆవిడ చూడనట్టు నటించింది.

"అదెందుకు తిప్పుతున్నారు?"

"షట్టర్ అంటే కెమెరాకి రెప్పలాంటిదండి. ఎంతసేపు తెరిచి ఉంచాలో ఇక్కడ చెప్పాలి. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి సెకనులో నూట ఇరవై ఐదో వంతు. నడిచేవాళ్ళకి రెండొందల యాభై. పరిగెత్తే పిల్లలకి ఐదొందలు, మీ పిల్లలైతే వెయ్యి పెట్టినా అనుమానమే. కుళాయి కింద నీటిబొట్టు విడివిడిగా కనపడాలంటే రెండు వేలు."

"మరి నాలాంటి వాళ్ళకి?"

"ఎలాంటి వాళ్ళకి?"

"పొద్దున ఏడింటి నుంచీ నిలబడి ఉన్నవాళ్ళకి."

"ముప్పై చాలు. మీరు ఎలాగూ కదలరు."

ఆవిడ నవ్వింది. అరనవ్వే అనుకోండి, మిగతా సగానికి ఓపిక చాలినట్టు లేదు. చేతులకి వెయ్యి పెట్టాను. ఈసారి ఫోటో చూసి, "అబ్బ, గోళ్ళలో సుద్ద కూడా కనపడుతోంది," అని మురిసిపోయింది. నాకూ కొంచెం గర్వం కలిగింది. ఐడీ కార్డు చూసి మురిసిపోయినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అలా రోజుకి ఏడెనిమిది సంజ్ఞలు. ప్రతి సంజ్ఞా గడ్డకట్టినట్టు, వేళ్ళు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చింది. నేను వాటిని ప్రింటు తీసి, నా గదిలో అద్దం పక్కన అతికించుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. టైలర్ గారితో రెండు ముక్కలు మాట్లాడాలని.

"బాగున్నారా" అని ఓ రోజు చేత్తో అడిగాను. ఆయన మిషను ఆపి నన్ను ఎగాదిగా చూసి కూతురికి ఏదో చెప్పారు.

"ఏమన్నారు?"

"మీ వేలు వంకరగా ఉంది, బాగున్నారా అనబోయి బరువున్నారా అన్నారట," అంది ఆవిడ. "బరువే ఉన్నానని చెప్పమన్నారు."

*

పదమూడో రోజు ఆవిడకి ఒంట్లో బాగాలేదు. బాగాలేదంటే జ్వరం కాదు, ఇంకో టీచరు సెలవు పెడితే రెండు క్లాసులు కలిపి చూసుకుంది. వచ్చీ రాగానే "ఐదు నిమిషాలు" అని గుడ్డల మూట మీద తలపెట్టింది. నేను స్టాండు బిగించి తిరిగి చూసేసరికి నిద్రపోయింది.

లేపడానికి చెయ్యి రాలేదు. కెమెరా తీసుకోవాలని కూడా అనిపించలేదు. నేల మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. నా నడుము పీకుతోంది, కాళ్ళు తిమ్మిరెక్కాయి, అయినా ఆవిడ ఇంకా కొంచెంసేపు పడుకుంటే బాగుండును, ఎవరూ తలుపు తట్టకుండా ఉంటే బాగుండును అని కోరుకుంటున్నాను. ఒకరి నిద్రకి కాపలా కాయాలనిపించడాన్ని ఏమంటారో నాకు అప్పుడే తెలిసింది. ప్రేమించాను. ఇంత అలసటలో ఇదొకటి తోడైందేమిటని విసుగు కూడా వచ్చింది.

సరిగ్గా అప్పుడే మిషను ఆగింది. టైలర్ గారు నన్నే చూస్తున్నారు. పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు బిగించి పట్టుకున్నారు, అందుకని ముఖంలో కోపమో కాదో తెలియలేదు. అరచెయ్యి నేలవైపు పెట్టి కిందికి నొక్కారు.

అది నాకు బాగా తెలిసిన సంజ్ఞే. అద్దం పక్కన పై వరసలో ఉంది. అరవై మూడో నంబరు. చాలు.

నిజమే కదా అనుకున్నాను. ఏ తండ్రి ఊరుకుంటాడు. నలభై నిమిషాలుగా కూతురి ముఖం చూస్తూ కూర్చున్నవాడితో అంతకన్నా మర్యాదగా ఎవరు చెప్తారు. చప్పుడు కాకుండా సామాను సర్దుకుని మెట్లు దిగిపోయాను. వెనక్కి తిరిగి చూసే ముఖం లేదు.

మిగిలినవి నాలుగే సంజ్ఞలు. అయినా మర్నాడు వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఆవిడ ఫోన్ చేస్తే "నలతగా ఉందండీ" అన్నాను. తీసిన తొంభై ఆరూ బాబాయ్ చేత పంపించాను. చక్రం మళ్ళీ నూట ఇరవై ఐదుకి తిప్పేశాను.

"ఏమైందిరా?" అన్నాడు బాబాయ్.

"ఏం లేదు బాబాయ్."

"ఏం లేనివాడు ఇలా ఉండడు. నువ్వు ఇంతకు ముందు నిద్రపోతూ పని చేసేవాడివి. ఇప్పుడు మేలుకుని పాడు చేస్తున్నావు."

*

ఆరోరోజు, సోమవారం, ఆవిడే వచ్చింది. సంచి బల్ల మీద పడేసి నా ఎదురుగా నిలబడింది.

"మా నాన్న ఉండమంటే ఎందుకు వెళ్ళిపోయారు?"

"ఉండమన్నారా?"

"మీ చొక్కా భుజం దగ్గర కుట్లు ఊడిపోయాయట, కెమెరా పట్టీ రాసుకుని. ఉండు, కుట్టి ఇస్తానన్నారు. నోట్లో సూదులు తీసి మిగతాది చెప్పేలోపే మీరు వీధిలో ఉన్నారు. తానేం తప్పుగా అన్నానని వారం నుంచి రోజూ నన్నే అడుగుతున్నారు."

ఒంటి మీద అదే చొక్కా. భుజం తడుముకున్నాను. నిజంగానే ఊడిపోయింది.

"ఆయన చాలన్నారండీ. నేను చూశాను. ఇలా."

"చాలంటే ఇలా," అని ఆవిడ అరచెయ్యి ఒక్కసారి గట్టిగా కిందికి నొక్కి ఆపేసింది. "ఉండంటే ఇలా." ఈసారి అదే అరచెయ్యి మెల్లగా, చంటిపిల్లని జోకొట్టినట్టు రెండుసార్లు ఆడింది. "రెండూ ఒకటేనా? ఎక్కడ నేర్చుకున్నారు మీరు?"

"ఫోటోల్లో," అన్నాను. "మనం తీసినవాటిల్లో."

ఇద్దరం ఒకేసారి సంచి వైపు చూశాం. ఆవిడ ఫోటోల కట్ట విప్పి పదిహేడో నంబరు, అరవై మూడో నంబరు తీసి పక్కపక్కన పెట్టింది. ఉండు, చాలు. గోళ్ళలో సుద్దతో సహా ఒకేలా ఉన్నాయి. కింద రాసిన మాటల మీద చెయ్యి అడ్డం పెడితే ఏది ఏదో తీసిన నాకు తెలియలేదు, దిగిన ఆవిడకీ తెలియలేదు.

"నేనే ఎలా చూసుకోలేదు," అంది. "నాకు వచ్చిన భాష కదా. బొమ్మలో లేని కదలిక నా బుర్రలో ఉంది."

వేరు చేయడం మొదలుపెట్టాం. కదలకుండా పట్టి ఉంచే సంజ్ఞలు బాగానే ఉన్నాయి. మిగతావాటిలో ముప్పై ఒకటి, ఒకటి చూసి ఇంకోటి అనుకునేలా ఉన్నాయి. అసలు తీయనివి ఇంకో నాలుగు. శుక్రవారం సాయంత్రానికి ప్రెస్సుకి ఇవ్వాలి.

ఆవిడ ఐడీ ఫోటోల కుర్చీలో కూలబడింది. "రాత్రి పిల్లాడు భయపడి వాళ్ళమ్మని ఉండమంటాడు. ఆవిడ పుస్తకం చూసి, చాలంటున్నాడనుకుని లైటు తీసేసి వెళ్ళిపోతుంది. ఏమీ రాకపోవడం కన్నా ఇది ఘోరం కదా." చేతులు ఒళ్ళో పడేసి, "ఇక నావల్ల కాదండి. నిజంగా కాదు," అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించేంత నీరసంగా ఉంది గొంతు.

"వెయ్యి పెట్టింది నేను," అన్నాను. "తప్పు మీ చేతులది కాదు, నా చక్రానిది. వేగంగా తీస్తే గొప్ప అనుకున్నాను. మీరు చెయ్యి ఎత్తితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. పదండి."

"నలత తగ్గిందా?"

"లేదు. పదండి."

*

చెప్పినంత సులువుగా ఏమీ కాలేదు. సెకనులో పదిహేనో వంతు పెడితే చెయ్యి మొత్తం పులుసైపోయింది. కిటికీకి కర్టెన్లు వేసి, గది మసక చేసి, ఫ్లాష్ వాడాను. ఈసారి చెయ్యి స్పష్టంగా వచ్చింది, కదిలిన దారి కూడా చారగా పడింది. ఇద్దరం సంబరపడ్డాం. టైలర్ గారు చూసి పెదవి విరిచారు.

"కూర్చో అని తీస్తే, లేవమన్నట్టుంది అంటున్నారు," అంది ఆవిడ.

నిజమే. రెప్ప తెరవగానే ఫ్లాష్ వెలుగుతోంది, ఆ తర్వాత చెయ్యి ముందుకి సాగి చార దాని ముందు పడుతోంది. ఫ్లాష్‌ని చివర్లో, రెప్ప మూసే ముందు వెలిగేలా మార్చాను. చార చేతి వెనకాల పడింది. టైలర్ గారు ఈసారి పెదవి విరవలేదు.

అప్పటి నుంచి ఆయనే మా పరీక్షాధికారి. ఒక్కో ఫోటో తీసి, పేరు చెప్పకుండా కెమెరా ఆయన ముందు పెట్టాలి. ఆయన చదివి అదే మాట చేత్తో చెప్తే పాసు. లేకపోతే మళ్ళీ.

ఒక్కో మాటకి ఒక్కో వేగం. చాలుకి పదిహేనో వంతు సరిపోయింది, ఒక్క గీత, దాని చివర గట్టి చెయ్యి. రా అనడానికి ఎనిమిదో వంతు. ఆకలికి నాలుగో వంతు. చెయ్యి కదలని అమ్మ అన్న మాటకైతే నా పాత నూట ఇరవై ఐదే చాలు. ఆరున్నర దాటాక ఇవేవీ పనిచేసేవి కావు.

"అదే మాట, అదే వేగం. చార పొట్టిగా వస్తోందేంటండీ?"

"నా చెయ్యి లేవట్లేదండి, అందుకు."

"మీ ఓపిక తగ్గేకొద్దీ నేను చక్రం తిప్పుకుంటూ పోవాలన్నమాట."

"అలాంటి మనిషి దొరికితే ఇంకేం కావాలి," అంది ఆవిడ కళ్ళు మూసుకునే. అన్నాక ఒక కన్ను తెరిచి చూసింది. నేను లెన్సు తుడుస్తున్నాను. తుడవాల్సినంత మురికి దానిమీద లేదు.

నాలుగు రోజులూ ఇదే. ఆవిడకి బడిలో గొంతుతో అవసరం లేకపోయినా చేతులు అరిగిపోయేంత పని, నాకు పగలంతా నవ్వొద్దు నవ్వొద్దు అని చెప్పే పని, సాయంత్రం ఇద్దరం కలిసి ఇంకో పని. కాళ్ళు లాగేవి. టీ తాగుతూ ఒకరికొకరం ఆవులింతలు అంటించుకునేవాళ్ళం. అయినా నాలుగున్నర ఎప్పుడవుతుందా అని స్టూడియోలో గడియారం వైపు చూస్తుంటే బాబాయ్, "అది పరిగెత్తదురా, ఎంత వేగం పెట్టినా," అనేవాడు.

గురువారం టైలర్ గారు నన్ను నిలబెట్టి మెడలోని టేపు తీశారు. భుజం, ఛాతీ, చెయ్యి. చొక్కా కుట్టి ఇవ్వడమైపోయింది కదా, మళ్ళీ ఇదేంటన్నట్టు ఆవిడ వైపు చూశాను.

"పాతది అతుకులేసినా ఆగదట. కొత్తది కుడతారట."

"ఇప్పుడెందుకండీ, అదీ పనుల మధ్యలో."

ఆవిడ అడిగింది. ఆయన చేతులు చాలాసేపు కదిలాయి. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమన్నారు?"

"ఊరికే," అంది. "మా నాన్న కొంచెం వాగుడుకాయ."

*

శుక్రవారం ఐదున్నరకి ముప్పై నాలుగు పూర్తయ్యాయి. మిగిలింది పదిహేడో నంబరు. ఉండు.

అదే అన్నిటికన్నా మొండిది. అరచెయ్యి రెండుసార్లు మెల్లగా ఆడాలి, ఆ రెండూ కనపడాలి. దానికి అర సెకను కావాలి. ఆ అర సెకనూ ముఖం మాత్రం ఇసుమంత కదలకూడదు. ఉండమని చెప్పే మనిషి ముఖం అలుక్కుపోతే ఎవరుంటారు. నాలుగుసార్లు తీశాం. ఓసారి చెయ్యి మూడుసార్లు ఆడింది, ఓసారి ఆవలింత వచ్చింది, రెండుసార్లు ఆవిడే తూలింది.

ప్రెస్సు ఆరున్నరకి మూసేస్తారు. టైలర్ గారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. ఈ ఫోటో వచ్చేస్తే పని అయిపోతుంది. రేపటి నుంచి నాలుగున్నరకి నేను ఈ మెట్లెక్కడానికి ఏ కారణమూ ఉండదు. ఆ సంగతి పొద్దుటి నుంచీ మనసులో మెదులుతూనే ఉంది, ఇప్పుడిక పక్కకి నెట్టేయడానికి నాలో శక్తి లేదు. మనసులో మాట దాచుకోవడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

"కదలకండి," అన్నాను. "ఊపిరి బిగపట్టండి. ఒకటి, రెండు." మీట నొక్కాను. నొక్కుతూనే, "మీరంటే నాకిష్టం," అన్నాను.

ఫ్లాష్ వెలిగింది. మిషను మీద గుడ్డ జారి నేల మీద పడింది. ఎవరూ తీయలేదు.

నేను తెర వైపు చూస్తూ ఉండిపోయాను, ఆవిడ వైపు చూసే ధైర్యం లేక. చెయ్యి అద్భుతంగా వచ్చింది. రెండు మెత్తటి నీడలు, వాటి కింద స్పష్టమైన అరచెయ్యి. పైన ముఖం మాత్రం రెండు చోట్ల ఉంది. ఒకటి కెమెరా వైపు, ఇంకోటి నా వైపు.

టైలర్ గారు వచ్చి కెమెరాలోకి తొంగి చూశారు. చేతిని చూసి తలాడించారు, పాసు. తర్వాత ముఖాన్ని చూశారు. నన్ను చూశారు, కూతుర్ని చూశారు. ఆయనకి ఒక్క అక్షరం వినపడలేదు, అయినా నేనేం అన్నానో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నా భుజం మీద ఒక్కసారి తట్టి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

"పాడైందా?" అంది ఆవిడ.

"చెయ్యి బాగుంది. ముఖం కదిలింది."

"మళ్ళీ తీయాలా?"

"తీయాలి."

ఆవిడ జుట్టు వెనక్కి నెట్టుకుని, నిటారుగా నిలబడి, అరచెయ్యి పైకెత్తింది. అంత అలసటలోనూ కళ్ళు తిన్నగా నన్నే చూస్తున్నాయి.

"అయితే నువ్వు మళ్ళీ చెప్పు," అంది. "ఈసారి కదలను."

అన్నట్టే ఆవిడ కదల్లేదు. కెమెరాని కదిపేసింది నేను. ఆ ఫోటో కుదరడానికి ఇంకో మూడుసార్లు తీయాల్సి వచ్చింది, మూడుసార్లూ చెప్పాల్సి వచ్చింది.